రెండో కుర్చీ

మధుకర్ రోజూ బ్యాగు తగిలించుకుని పోయేది ఆఫీసుకు కాదట. మాదాపూర్ దారి పట్టకుండా పాత మణికొండ సందులోకి మళ్లుతాడట. ఆ బ్యాగులో ల్యాప్‌టాప్ లేదట, మడిచిన తువ్వాళ్లట. ఈ సంగతి మూడో అంతస్తులో ఉండే రత్నమాల, తన పనిమనిషి సత్తెమ్మకు చెప్పింది. సత్తెమ్మ అంట్లు తోముతూ, నాలుగో అంతస్తులో సాక్షాత్తు మధుకర్ భార్య ప్రియదర్శినికే అప్పజెప్పింది. "నాకేమెరుకమ్మా, ఆమె అన్నదే చెప్తున్న. సబ్బు వాసన గూడ వస్తదట."

శనివారం సాయంత్రం ప్రియదర్శిని ఆ మాట భర్త చెవిన వేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు మధుకర్. ఆమె బ్యాగు జిప్పు లాగి, తువ్వాళ్లు బయటపెట్టి, ఖాళీ బ్యాగును అటక మీదికి విసిరింది.

"నలుగురి కోసం నేనే మొయ్యమన్న. ఆ నలుగురికి తెల్సినంక ఇగ ఎవరి కోసం మోస్తవ్?"

మధుకర్‌కు నలభై తొమ్మిదేళ్లు. ఒకే కంపెనీలో ఇరవై రెండేళ్లు, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని కొలువు. పోయిన దసరాకు ముందు అది పోయింది. ఆ తర్వాత అతను ఎక్కని మెట్టు లేదు. ఎక్కడికి పోయినా కుర్రమేనేజర్లు నవ్వుమొహంతో "చెప్తాం సార్" అన్నారు. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే తండ్రి పెంటయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. పాత మణికొండ సందులో పెంటయ్యది కటింగ్ షాపు, రెండు కుర్చీలు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే మనిషి కోకాపేటలో ఏసీ సెలూన్‌కు పోయాడు. వణికే చేతి కింద గొంతు పెట్టేదెవరు? పాత గిరాకీలు ఒక్కొక్కరే జారుకున్నారు.

"నాకు నేర్పు నాయినా" అని మధుకర్ అడిగితే పెంటయ్య పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు కొడుకు చేతిలో కత్తి పెట్టి, తన చెంపకే నురగ పూసుకుని కూర్చున్నాడు.

"కోస్తే నన్నే కొయ్యి. ఊరి మీద పడకు."

కోశాడు. మూడు నెలల్లో ఎన్ని గాట్లు పడ్డాయో పెంటయ్య చెంపలకే తెలుసు. చెయ్యి మంచిదే, పాపమంతా కళ్లది. ఇరవై రెండేళ్లు ఎదురుగా ఉన్న తెర మీదే పని చూసినవాడు, చెంప మీద కత్తి పెట్టి అద్దంలోకి చూసేవాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది; కత్తి పక్కకు జారుతుంది.

"మొకం గీడున్నది, గాడేం చూస్తున్నవ్ బిడ్డా?" అంటూ పెంటయ్య నెత్తురు మీద పటిక ముక్క ఒత్తుకునేవాడు. షాపుకు సెలవైన మంగళవారాల్లో అద్దానికి దుప్పటి కప్పి చేయించాడు. దుప్పటి ఉంటే గడ్డం నున్నగా వచ్చేది. తీస్తే మళ్లీ గాటు.

చివరికి ముసలాయన ఒక మాట తేల్చేశాడు. "ఐతారం నాడు ఒక్క గిరాకికి గాటు పడకుండ చెయ్యి. రెండో కుర్చీ నీది. పడిందా, సోమవారం షాపుకు తాళమేస్త."

బ్యాగు అటకెక్కిన మర్నాడే ఆ ఆదివారం. మధుకర్ తువ్వాళ్లు చేతిలోనే పట్టుకుని లిఫ్టు దిగాడు. ముగ్గురు చూశారు. పది గంటలకు రత్నమాల భర్త వెంకటనారాయణ షాపు గుమ్మంలో నిలబడ్డాడు. రిటైరైన బ్యాంకు మేనేజరు, గడ్డానికి కారేసుకుని కోకాపేట పోయే మనిషి.

"ఇటుగా వెళ్తూ చూశానండీ మధుకర్ గారూ, మీరేనా అనీ..." అంటూ వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నాడు.

పెంటయ్య బల్ల మీద కూర్చుని, వణికే చేతిని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

మధుకర్ నురగ పట్టించాడు. వెంకటనారాయణ అద్దంలోంచి తననే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ చూపు జాలో, వెటకారమో? ఒక్కసారి తలెత్తితే తేలిపోతుంది. మెడ తనంతట తానే లేవబోయింది. పళ్లు బిగబట్టి చెంప మీదికి వంగాడు. చుబుకం కింద చిన్న పుట్టుమచ్చ. పదేళ్లుగా లిఫ్టులో పలకరిస్తున్న ముఖానికి మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. కత్తిని దాని చుట్టూ తిప్పాడు.

"ఎంత చదువు, ఎంత ఉద్యోగం! ఇదేం ఖర్మండీ మీకు?"

చెంప కదిలింది. మధుకర్ కత్తి పైకెత్తి ఆగాడు.

"కదలకండి సార్."

అంతే అన్నాడు. రెండో చెంప కూడా అద్దం చూడకుండానే పూర్తి చేశాడు.

పెంటయ్య లేచి వచ్చాడు. వణికే అరచేతిని గిరాకి చెంపల మీద కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురుగా నిమిరాడు. తువ్వాలు విప్పి వెలుతురులో చూశాడు. తెల్లగా ఉంది. మొలతాడుకున్న షాపు తాళంచెవి విప్పి, రెండో కుర్చీ పక్కనున్న మేకుకు తగిలించాడు.

వెంకటనారాయణ గడ్డం తడుముకుంటూ నవ్వాడు. "భేషుగ్గా ఉందయ్యా పెద్దాయనా! అయితే మీవాడికి పని వచ్చేసినట్టేగా?"

"వచ్చింది," అన్నాడు పెంటయ్య. "గిది వీనికి రావొద్దనే నేను యాభై ఏండ్లు చేసిన."