సారపాకలో అన్‌దాంగ్ కోడి

బతుకమ్మ బొగ్గుగని క్యాంటీన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు వంట చేసి రిటైరైంది. హోటల్ తిండి అంటే ఆమెకు చులకన. పెళ్లి భోజనానికి వెళ్లినా మొదటి ముద్దకే పెదవి విరిచేది, రెండో ముద్దకు వంటవాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆరా తీసేది.

అలాంటి మనిషిని కోడలు సునంద కొరియా హోటల్‌కు బయల్దేరదీసింది. సునంద సారపాక కాగితం మిల్లు స్టోర్స్‌లో పని చేస్తుంది. సెలవు దొరికితే ఫోన్లో కొరియా సీరియళ్లు చూస్తుంది. "నా పుట్టినరోజుకు చీరొద్దు అత్తమ్మా. ఆయనకు డ్యూటీ ఉంది. నువ్వు రా, చాలు" అంది. పెళ్లయిన రెండేళ్లలో ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే. బతుకమ్మ కాదనలేకపోయింది.

హోటల్ మేడ మీద ఉంది. గోడల నిండా గులాబీ పూల కొమ్మలు, అన్నీ ప్లాస్టిక్‌వే. "మంచిగనే ఉంది. ఊడ్చే పని లేదు" అంటూ కూర్చుంది బతుకమ్మ. యజమాని కిషోర్ నవ్వుతూ వచ్చాడు. నిరుడు ఇదే మేడ మీద అరబ్బు మండీ అన్నం అమ్మినవాడు.

సునంద ముందే పలికి చూసుకున్న పేరు తడబడకుండా చెప్పింది. "అన్‌దాంగ్ జిమ్‌డాక్ ఉందా?"

"మా స్పెషలే అది మేడం."

"ఏందది?" అంది బతుకమ్మ.

"కోడికూరే అత్తమ్మా. అన్‌దాంగ్ అని కొరియాల ఒక ఊరు. కోడి, ఆలుగడ్డ, క్యారెట్, ఎండుమిర్చి అన్నీ సోయా రసంల కలిపి ఉడికిస్తరట. అద్దం లెక్క మెరిసే సేమియా గూడ వేస్తరు."

"కోడికూర కోసం మేడ ఎక్కాల్నా?"

ఐదు నిమిషాల్లో పళ్లెం వచ్చింది. "ఇంత జల్దీనా? పొద్దుగాల్నే ఉడికి మనకోసం ఎదురు చూస్తున్నట్టుంది" అంది బతుకమ్మ. కూర ఎర్రగా ఉంది. నాలుక మీద పెట్టుకుంటే టమాటా సాస్ తీపి తప్ప మరేం తగల్లేదు. సేమియా అన్నది బడి పిల్లల డబ్బాల్లో కనిపించే మైదా నూడుల్సే. ఆమె చెంచాతో ఆలుగడ్డను రెండుగా కోసింది. లోపల సున్నంలా తెల్లగా ఉంది.

"ఇగో, చూడు. కూరల ఉడికిన ఆలుగడ్డ నడిమి దాక రసం తాగుతది. ఇది నీళ్లల్ల ఉడికొచ్చి ఎన్కనుంచి కూరల కూసుంది. కోడికి దీనికి ముఖపరిచయం గూడ లేదు."

సునంద ఫోన్లో అసలు కూర బొమ్మ తెరిచి పళ్లెం పక్కన పెట్టి చూసింది. "నల్లగ మెరవాలె అత్తమ్మా. ఇది గట్ల లేదు. పోనీ, తిందాం."

ఆ 'పోనీ' బతుకమ్మకు ముల్లులా గుచ్చుకుంది. కిషోర్‌ను పిలిచింది.

"ఏం బాబు, కొరియావోళ్లు గిదే తింటరా?"

"అవ్ అమ్మా. సేమ్ టు సేమ్."

"నువ్వు పోయొచ్చినవా?"

"లేదమ్మా, వీడియోలు చూసిన. ఒరిజినల్ మన జనానికి ఎక్కదు. అయినా ఇక్కడ ఎవరికి తెలుసు చెప్పు?"

బతుకమ్మకు తన క్యాంటీన్ గుర్తొచ్చింది. గనిలోంచి ఎక్కి వచ్చిన మనిషికి పళ్లెంలో ఏం పడిందో చూసుకునే ఓపిక ఉండదు. నీళ్ల పప్పు పోసినా తాగి పోతాడు. అందుకే ఆమె ఏనాడూ నీళ్ల పప్పు పొయ్యలేదు. ఇక కిషోర్‌తో మాట్లాడటం దండగ అనిపించి, లేచి తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"అమ్మా, లోపలికి రావద్దు" అంటూ వెనకాలే వచ్చాడు కిషోర్.

"ఎందుకు, చూస్తే మాసిపోతదా?"

లోపల ఉల్లిగడ్డలు తరుగుతున్నవాడు జంపయ్య. ములకలపల్లి వైపు మనిషి, నలభై దాటాయి. "నువ్వే వండినవా?" అని అడిగింది.

అతను యజమాని వైపు చూసి తల దించుకున్నాడు. "వండలేదమ్మా. కలిపిన."

మద్రాసు దగ్గర ఒక కొరియా కంపెనీ క్యాంటీన్‌లో ఆరేళ్లు చేశాడట. అక్కడి కొరియా వంటామె దగ్గర ఈ కూర నేర్చుకున్నాడు. "నాకొచ్చు. ముప్పావు గంట పడ్తది. సార్ ఐదు నిమిషాలల్ల కావాలంటడు" అంటూ అరలోంచి మూత తియ్యని సోయా సీసా, చిలగడదుంప పిండి సేమియా పొట్లం తీసి చూపించాడు. ఫోటోల కోసం తెప్పించినవి.

"వండు. కూసుంటం."

"టేబుల్ ఖాళీ కాకపోతే ఎట్లమ్మా?" అన్నాడు కిషోర్. బతుకమ్మ బయట ఖాళీగా ఉన్న నాలుగు బల్లల్నీ ఒక్కొక్కటిగా చూసి, స్టూలు లాక్కుని పొయ్యి పక్కనే కూర్చుంది.

జంపయ్య ఎండుమిర్చి కాయలు కాయలుగానే వేశాడు. వెల్లుల్లి, అల్లం, సోయా, కాస్త చక్కెర. కోడి సగం ఉడికాక ఆలుగడ్డలు.

"పసుపు?"

"ఉండదమ్మా."

"ధనియాలు?"

"అవీ ఉండవు."

"పాపం ఆ దేశం" అంది బతుకమ్మ.

బతుకమ్మ బల్ల దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాక కూర నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. సునంద సేమియాను చెంచాతో పైకెత్తి వెలుతురుకు పెట్టి చూసింది. అటుపైన అదే ముందు తిన్నది. బతుకమ్మ ఆలుగడ్డ కోసింది. నడిమి దాకా గోధుమరంగు.

"కారం ముక్కుదాక వచ్చి ఎన్కకు పోయింది. ధనియాలు లేకుంటే ఎంత వండినా అంతే" అంటూనే రెండోసారి వడ్డించుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ జంపయ్యతో, "కోడి మాత్రం కోడి లెక్కనే ఉంది" అంది. ఆమె నోట అది ఎంత పెద్ద మాటో అతనికి తెలియకపోయినా ముఖం విప్పారింది.

ఇంతలో మిల్లు షిఫ్ట్ దిగిన ఇద్దరు వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. "ఆ నల్లది మాకూ చెప్పు" అన్నారు.

"అది లేదు సార్. ఎర్రది ఐదు నిమిషాల్లో ఇస్త" అన్నాడు కిషోర్.

"ఉంది" అంది బతుకమ్మ. "ముప్పావు గంట కూసోండ్రి. ఆ ఐదు నిమిషాలది తినాలంటే మీ ఇష్టం."

వాళ్లు నవ్వి, కూర్చుంటామన్నారు. జంపయ్య అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. కిషోర్ ఫోన్ పట్టుకుని దగ్గరికొచ్చాడు. "అమ్మా, మా కొరియా వంట మస్తుందని ఒక్కమాట చెప్పవా? వీడియో పెడత."

బతుకమ్మ చెయ్యి తుడుచుకుంది. "వండింది ఆయన. పోయి ఆయన్ను తియ్యి. నడిమిట్ల నువ్వు కనపడకు."

కిషోర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సునంద మిగిలిన కూరను మొగుడు సంపత్ కోసం డబ్బాలో కట్టించుకుని, అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.