తలుపు మీద పేరు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరు ఉలుల సెట్టు కొన్నరోజు త్రినాథరావుగారి హడావుడి చూడాలి! రిటైరయ్యాను కదా, ఇక చెక్క మీద దశావతారాలూ చెక్కేస్తానన్నారు. మత్స్యావతారం తోక దగ్గరే బొటనవేలు తెగింది. సెట్టు మంచం కిందికీ, ఆయన టీవీ ముందుకీ చేరారు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. టీవీ చూసినకొద్దీ, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన ఆయనకు గుబులు. దానికి తోడు రాజమండ్రి నుంచి తమ్ముడు జోగారావు రోజూ ఫోను: "ఇల్లు అమ్మేసి వచ్చెయ్యి అన్నయ్యా." ఆదివారం ఇల్లు చూసుకోడానికి మనిషిని రమ్మన్నారు. భార్య లలితకుమారిని మాటవరసకైనా అడగలేదు. ఎల్బీనగర్‌లో ఆ ఇల్లు ఎండలో నిలబడి కట్టించింది ఆవిడాయె. ఒళ్ళు మండదూ?

ఆ మంట మీదే ఉలులు బయటికి లాగి, ఎదురింటి వడ్రంగి కొమరయ్య దగ్గరికెళ్ళింది. వీళ్ళింటి టేకు వీధి తలుపు చేసింది అతనే.

"నాకు చెక్కడం నేర్పు కొమరయ్యా."

అతను ఉలి అంచు గోటి మీద ఆనించి చూసి పకపకా నవ్వాడు. "గీ ఉలితోని పెరుగు గూడ తెగదమ్మా! పదును లేకుంటె బలం పెడ్తం, బలం పెడ్తె జారుతది. సారు గట్లనే ఏలు కోసుకున్నడు."

రెండ్రోజులు అతనిచ్చిన సానరాయి మీద నూరడమే సరిపోయింది. మూడోరోజు తెల్లటి మెత్తటి చెక్కముక్క చేతికిచ్చాడు.

"పొణికి! మా కొండపల్లి బొమ్మల కర్ర!"

"మీదెట్లయితదమ్మా? మా నిర్మల్ బొమ్మలది."

"కర్రకు గూడ కొట్లాటనా? చాయ్ తాగుండ్రి," అంది అతని భార్య ఎస్తేరమ్మ, గ్లాసులు పెడుతూ.

చెక్కలో నార ఎటు పోతే ఉలి అటే పోవాలి, చెయ్యి ఉలి ముందర పెట్టకూడదు. ఈ రెండు ముక్కలూ నేర్చుకుని ఆవిడ ఆకులు చెక్కింది, ఆ తర్వాత తన పేరు చెక్కింది.

"ఇక టేకు మీద చెక్కొచ్చా?"

"టేకా! ఆర్నెల్లు ఆగుండ్రి."

ఆర్నెల్లెక్కడివి, ఎల్లుండే ఆదివారం!

ఆదివారం పొద్దున్నే త్రినాథరావుగారు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి, ఇరవయ్యేళ్ళుగా తలుపుకి తీగతో వేలాడిన ఆయన పేరు రేకు పలక కింద పడుంది. తలుపు మీద వంకరటింకరగా, లోతుగా 'లలితకుమారి' అని ఉంది.

"ఓసి నీ దుంపతెగ! పేరు చెక్కిన తలుపు ఎవడు కొంటాడే?"

"అందుకేగా చెక్కింది! మీరెళ్తే వెళ్ళండి. ఈ ఇల్లొదిలి నేనెక్కడికీ రాను." అంటుంటే ఆవిడకి ఏడుపొచ్చేసింది.

ఆయన వేలి కట్టుతోనే ఆ అక్షరాలు తడిమారు. కింద జానెడు చెక్క ఖాళీగా ఉంది.

"మరి నా పేరేదీ?"

"చోటుంచాను. ఉంటానంటే చెక్కుతా."

గేటు దగ్గర బండి ఆగింది, ఇల్లు చూసేవాడే. త్రినాథరావుగారు అటు చూశారు, ఇటు చూశారు. లోపలికెళ్ళి సానరాయి తెచ్చి ఆవిడ ముందు పెట్టారు.

"ముందు పదును పెట్టుకో. వేలు జాగ్రత్త," అని, వచ్చినవాణ్ణి పంపించెయ్యడానికి గేటు వైపు నడిచారు.