త్రినాధరావు బాబు గ్లౌజులు

మా ఆయన సింహాద్రి పాకం చూశాడంటే కశింకోటలో ఇంకెవరూ వేలు పెట్టరు. పెద్ద పెనంలో మరిగే చెరకు రసం ఒక చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "దించండ్రా" అంటాడు. ఆ బెల్లం దిమ్మ ఇక జారమన్నా జారదు.

అలాంటి చేతులకి పన్నెండేళ్లుగా సోరియాసిస్. పొలుసులు రాలతాయి, అంతే. ఎవరికీ అంటుకోదని అనకాపల్లి డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు కూడా. మామూలు సబ్బుతో కడుక్కోవాలి, తడి ఆరకముందే ఆయింట్‌మెంట్ రాసుకోవాలి. రాసేది నేనే. మగాడికి తన ఒళ్లు తాను చూసుకోవడం ఎక్కడ వచ్చు?

కరోనా రోజుల్లో గానుగ యజమాని త్రినాధరావు బాబు గుమ్మానికి శానిటైజర్ సీసా కట్టాడు. గంటగంటకీ అందరూ రుద్దుకోవాల్సిందే. వారం తిరక్కుండా మా ఆయన అరచేతులు పగిలి నెత్తురు కారింది.

"ఏటిది? సేతులకి కూడా కరోనా వచ్చిందేటి?" అంటూ బాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కాదు బాబూ, ఇదిగో డాక్టరు చీటీ," అన్నాను. దాన్ని ముట్టుకుంటే కదా!

"సేతులు పగిలినోడు ఎవడైనా సరే, పెనం కాడికి రాకూడదు. ఇదే రూలు."

మా ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బెల్లం వండడం తప్ప మరో పని రాని మనిషి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మర్నాడు గానుగలో చెరకు పిప్పి ఆరబెట్టే నా పనికి నేనొక్కదాన్నే వెళ్లాను.

పాకం బాబే చూడటం మొదలుపెట్టాడు, రబ్బరు గ్లౌజులు తొడుక్కుని. గ్లౌజులోంచి పాకం ఏం తెలుస్తుంది? మొదటిరోజు బెల్లం జావలా జారింది. రెండోరోజు మాడింది. మూడోరోజు వేడి పాకం గ్లౌజుకి అంటుకుని చుర్రుమంది. బాబు "అమ్మో!" అని గ్లౌజు పీకి అవతల పారేశాడు.

అరచెయ్యి నిండా పగుళ్లే. రోజుకి నలభైసార్లు ఆ సీసా రుద్దుకుంటే ఇంకేమవుతుంది!

పనివాళ్లంతా నేలచూపులు చూశారు. నేను మాత్రం ఆ చేతినే చూశాను.

"బాబూ, ఇంటికెల్లిపోండి."

"ఏటన్నావ్?"

"సేతులు పగిలినోడు ఎవడైనా సరే అన్నారు కదా. పెనం మీ సొంతమే అయినా, రూలు రూలే."

బాబు చెయ్యి తువ్వాలులో దాచుకుని నన్ను పిప్పికుప్ప చాటుకి పిలిచాడు. "మంటెత్తిపోతంది అప్పలనర్సమ్మా. ఆ డాక్టరు పేరేటి?" అన్నాడు గొంతు తగ్గించి.

నిజం చెప్పాలంటే జాలేసింది. కానీ గోడవైపు తిరిగిన మా ఆయన వీపు గుర్తొచ్చింది.

"పెద్ద పేరు బాబూ, నాకు నోరు తిరగదు. మా ఆయనకి బాగా తెలుసు. రేపు పొద్దున్న పెనం కాడికి వత్తాడు కదా, అప్పుడు అడుగుదురు గాని. ఆ సీసా ఉంటే మాత్రం రాడేమో."

బాబు మాడిన దిమ్మల వంక చూశాడు. "సబ్బు పెట్టిత్తాన్లే. తొందరగా రమ్మను," అన్నాడు.

తలూపి పనిలోకి వెళ్లిపోయాను. డాక్టరు పేరు చీటీ మీద పెద్దక్షరాలతో అచ్చయి ఉంది. చీటీ నా బొడ్లోనే ఉంది.