నూటికి అరవై రెండు

మరిది తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టబోతున్న అక్క ముందు నుంచి చెల్లెలు ఆ కట్టను మెల్లగా తనవైపు లాక్కుంది.

అక్క భర్త పోయాక అట్టపెట్టెల కంపెనీలో ఆయన మూడో వంతు వాటా ఆమెకి వచ్చింది. దాన్ని ఇప్పుడు మరిది కొనుక్కుంటానంటున్నాడు. ఇకమీదట అక్క బతకాల్సింది ఆ డబ్బుతోనే. షెడ్డుకీ యంత్రాలకీ ధర తేలిపోయింది. మిగిలినవి, కంపెనీ చేతిలో ఖాళీగా ఉన్న సొమ్ముతో కొన్న వేరే సంస్థ అప్పు పత్రాలు, అంటే బాండ్లు. ఇంకో మూడు నెలల్లో ఒక్కోదానికి నూరు చొప్పున తిరిగి రావాలి. మరిది జాబితాలో వాటి నేటి విలువ అరవై రెండు.

"ఇంత తక్కువేంటి బావా?" అని మరిదిని అడిగింది చెల్లెలు.

"అప్పు తీసుకున్నవాళ్ళ పరిస్థితి బాగాలేదట. నేను కట్టిన ధరా అది? ఇద్దరు బ్రోకర్లు రాసిచ్చారు. కొన్న ధర కాదు, ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో అదే రాయాలని నీకు నేను చెప్పాలా, ఆడిటరమ్మా?"

పదిహేనేళ్ళుగా ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్న చెల్లెలికి ఆ మాట నిజమేనని తెలుసు. నిజాన్ని అంత తొందరగా ముందుకు తోయడమే ఆమెకు నచ్చలేదు.

"ఊరుకోవే," అంది అక్క. "మీ ఆయన మొదటిసారి నవ్వితే, పళ్ళు సొంతవేనా అని అడిగినదానివి నువ్వు."

మరిది నవ్వాడు. ఆ హాస్యానికి కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే నవ్వాడు.

చెల్లెలు బ్రోకర్ల ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టింది. పోయిన వారమే, లెక్కల సంవత్సరం ముగిసిన రోజున, ఈ ధరకే అమ్మకం జరిగిందని రెండూ చెబుతున్నాయి. ఫోన్‌లో క్యాలెండర్ తీసి చూసింది.

"ఆ రోజు ఆదివారం. మార్కెటే లేదు. ఎవరమ్మారు, ఎవరు కొన్నారు?"

"టైపు కొట్టినవాడి పొరపాటు. శుక్రవారం అయ్యుంటుంది."

"ఇద్దరి దగ్గరా ఒకే పొరపాటా?"

మరిది అక్కవైపు తిరిగాడు. "ఇంట్లో మనుషుల మధ్య ఈ ఆరాలేంటి వదినా?"

అక్క ముఖం చిన్నబోయింది. అతన్ని దొంగ అంటే అక్క తననే తప్పుపడుతుందని చెల్లెలికి తెలుసు. గొంతు తగ్గించింది.

"సరే బావా, అరవై రెండే. అయితే అక్క వాటాకి డబ్బివ్వొద్దు. అదే ధరకి ఈ పత్రాలే ఇచ్చెయ్. మునిగితే మేం మునుగుతాం. నీకు పీడ వదులుతుంది."

"భలేదానివే! మూడు నెలలాగితే నిక్షేపంగా మొత్తం చేతికొచ్చేవాటిని..."

అక్కడ ఆగాడు.

అక్క అతనికేసి చూసింది. చిన్నప్పటి నుంచీ అతనికి అన్నం పెట్టిన చెయ్యి ఆమెది.

"నువ్వెళ్ళి రా బాబూ," అంది చివరికి. "ఈ కట్ట మాత్రం ఇక్కడే ఉండనీ. చెల్లెలు తీరిగ్గా చదువుతుంది."

మరిది లేచాడు గానీ, కాగితాల మీంచి చెయ్యి తియ్యలేదు. అక్క కూడా రెండో అంచు వదల్లేదు.