తుపాకీ ఎటు తిరిగితే అటు

ఇదిగో, ఇటు జరగండి. కాళ్ళు ముడుచుకుంటే ఇంకో నలుగురికి చోటొస్తుంది. ఆ మూల గుసగుసలు ఆపండమ్మా, మీ అత్తగారి సంగతి రేపటికి పాచిపోదు. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. మధ్యలో దగ్గితే నా గుండె జారి పొట్టలో పడుతుంది. ఎందుకంటే ఇది తుపాకీ కథ.

ఒక దర్జీ అక్క ఉండేది. పరిగెత్తే బస్సులో కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించేది. ఆవిడకి కుట్టుమిషను ఒక ప్రాణం, ముత్తాతల నాటి పొడుగు తుపాకీ రెండో ప్రాణం. ఇప్పటి తుపాకుల్లా టపటపా కక్కేది కాదు. మూతిలోంచి తినిపించాలి. ముందు తుపాకీ మందు పొయ్యాలి, తర్వాత నూనె రాసిన గుడ్డపీలికలో సీసపు గుండు పెట్టి కడ్డీతో అడుగుదాకా కూరాలి, వెనకాల చిట్టి రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే సుత్తి వెళ్ళి టోపీని కొడుతుంది, ఆ నిప్పు సన్నటి బెజ్జంలోంచి మందుకి అందుతుంది, అప్పుడు ధడేల్! పొగ సంగతి అడక్కండి. ఓసారి ఆ పొగలో ఇద్దరు తప్పిపోయి, బయటికొచ్చేసరికి గడ్డాలు పెరిగాయంట. నేను చూళ్ళేదు, గడ్డాలు మాత్రం చూశాను.

ఊళ్ళో తుపాకీ పిచ్చున్నవాళ్ళంతా గురి కాల్చేది ఊరవతల పాత రాళ్ళ క్వారీలో. కింద బండ, పక్కల బండ. అవతలి కొసన మాత్రం పెద్ద మట్టికట్ట, దాని ముందు గురి పలకలు. కట్ట పక్కనే గొయ్యి, ఆ గోతిలో అక్క మొగుడు. పలకలు మార్చడం, కట్టలో దిగిన సీసం తవ్వి మళ్ళీ కరిగించి గుండ్లు పొయ్యడం ఆయన పని. బంగారం లాంటి మనిషే, కాకపోతే చెవుడు. పక్కన పిడుగు పడితే "ఎవరది, తలుపు తీసే ఉంది" అనే రకం.

వినపడదు కాబట్టి పొగ చూసి గోతిలోంచి లేచేవాడు. మొగుడూ పెళ్ళాలకి ఒక ఒప్పందం ఉంది. కాల్చడం అయ్యాక అక్క ఖాళీ తుపాకీ మూతి ఎటు చూపిస్తే గుండు అటు పడిందని అర్థం. ఎడమకి చూపిస్తే ఎడమకెళ్ళి తవ్వేవాడు, పైకెత్తితే కట్టెక్కి అవతల వెతికేవాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ పెళ్ళాం మాట ఇంత బాగా విన్న మొగుణ్ణి మీరు చూసుండరు, చెవులు లేకపోయినా!

ఓ పందెం రోజున, జనం వెనకాల నిలబడి చూస్తా ఉంటే, అక్క పక్కన అట్లాంటిదే ఇంకో తుపాకీతో నిలబడింది ఆవిడ వదిన, అంటే మొగుడికి తోడబుట్టిన అక్క. బేకరీ నడుపుతుంది. పిండి పిసికిన చేతులు, రోకలిబండల్లా ఉంటాయి.

"ఏమ్మా మరదలా, ఇంకా గుడ్డతో తుడుస్తానే ఉన్నావా? దాన్ని కాలుస్తావా, పెళ్ళిచూపులకి పంపుతావా?" అంది.

"ఉండు వదినా, నూనె ఆరాలి. ఉత్త టోపీలు రెండు పేలిస్తే బెజ్జం ఎండుతుంది."

"నీ బెజ్జం ఎండేసరికి నా బన్నులు మాడతాయి. కానీ!"

రోషమొచ్చింది అక్కకి. ఉత్త టోపీలు మానేసి, మందు పోసి, గుండు కూరి భుజానికెత్తింది. ఇద్దరూ ఒక్కసారే మీట నొక్కారు. ధడేల్! క్వారీ అంతా పొగ.

పొగలో నిలబడ్డ అక్క భుజానికి తన్ను తగల్లేదు.

పేలింది వదిన తుపాకీ. తనది టోపీ చిటుక్కుమంది, అంతే. లోపల మందు, గుండు అట్లాగే ఉన్నాయి. బెజ్జంలో మిగిలిన నూనెకి నిప్పురవ్వ అంటుకుని కునుకు తీస్తా ఉంటుంది. ఇప్పుడే చావచ్చు, రెప్ప కొట్టేలోపు మందుని ముట్టించొచ్చు, టీ తాగేంతసేపు ఆగి కూడా ముట్టించొచ్చు. దాని బుద్ధి దానికే తెలీదు. ఇట్లాంటప్పుడు ఒకటే మార్గం. మూతి మట్టికట్ట మీదే ఉంచి, కదలకుండా కాచుకోవాలి.

పొగ పలచబడింది. మట్టికట్ట ముందు, సరిగ్గా మూతికి ఎదురుగా, పార భుజానేసుకుని మొగుడు నవ్వుతా నిలబడున్నాడు.

అక్క మూతిని టక్కున ఎడమకి తిప్పింది. ఆయన తలూపి, ఎడమకి నడిచి, మళ్ళీ మూతి ముందుకే వచ్చి వంగి తవ్వడం మొదలెట్టాడు.

"అయ్యో, అయ్యయ్యో!" కుడికి తిప్పింది. ఆయన పార ఎత్తి కుడికి పరిగెత్తాడు. పైకెత్తుదామంటే కట్టెక్కుతాడు, ఆ వెనకాల ఊరు. కిందికి దించుదామంటే బండ. గుండు బండ మీద ఎగిరి ఎవర్ని కొరుకుతుందో. వెనక్కి తిరుగుదామంటే జనం. భూమ్మీద ఇంత చోటుండి, ఆ మూతి పెట్టుకోడానికి జానెడు చోటు లేకుండా పోయింది.

"వదినా! నాది పేల్లేదు!"

వదిన మొహం మైదాపిండైపోయింది. "తమ్ముడూ! గోతిలోకి దూకరా!" అని కేక పెట్టింది. జనమంతా అరిచారు, చేతులూపారు. ఆయన తనని మెచ్చుకుంటున్నారనుకుని టోపీ తీసి, వంగి వంగి దండాలు పెట్టాడు.

"నేనెళ్ళి లాక్కొస్తా" అని వదిన కదిలింది.

"వద్దు! ఒకళ్ళు చాలరా ఎదురుగా?" అంది అక్క. తుపాకీ ఏమో దూడంత బరువు. చెమట కంట్లోకి దిగుతోంది, తుడుచుకోడానికి మూడో చెయ్యి లేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన తన మాట ఒక్కసారైనా వినకుండా ఎదురు తిరిగితే బాగుండునని మొదటిసారి దేవుడికి మొక్కింది.

ఈయన్ని పరిగెత్తించేది ఏంటి? తిండికి నిమ్మళంగా వస్తాడు. డబ్బుకీ నిమ్మళమే. ఒక్కదానికే ఒంటికాలి మీద లేస్తాడు. కాల్చిన తుపాకీ ఆయనే కడగాలి. సలసలా కాగిన నీళ్ళే పొయ్యాలి, పీలికతో తోమి, వేడి మీదే ఆరబెట్టి, కొవ్వు రాయాలి. మందు మసి మీద ఉత్త చన్నీళ్ళు పోసి వదిలేస్తే ఇనుము తెల్లారేసరికి తుప్పని, వేరేవాళ్ళని బక్కెట్టు కూడా ముట్టనివ్వడు.

"వదినా, నీ తుపాకీలో చన్నీళ్ళు పొయ్యి!"

"మతిపోయిందా నీకు?"

"ఆయనకి కనపడేలా! చెంబు పైకెత్తి!"

వదినకి అప్పుడు వెలిగింది. చన్నీళ్ళ బక్కెట్టు పెట్టిన బల్ల అక్క వెనకాల, ఓ పక్కగా ఉంది. ఒక్క గెంతులో బల్ల మీదకెక్కింది. బల్ల మూలిగింది. తుపాకీ నిలబెట్టి, చెంబు నెత్తికి మించి ఎత్తి, ధారగా పోసింది.

కట్ట దగ్గర పార అక్కడే పాతేసినట్టు నిలబడిపోయింది. మనిషి మాత్రం గాలి.

"అక్కా! ఒసేయ్ అక్కా! చన్నీళ్ళా? నువ్వు మనిషివా, తుప్పువా?"

తిట్టుకుంటా, పంచె ఎగ్గట్టి వస్తున్నాడు. అక్క మూతిని పార దగ్గరే నిలిపి, వస్తున్న అడుగులు వింది. దూరం. ఇంకా ముందే ఉన్నాడు. పక్కకొచ్చాడు. దాటాడు. వెనకాల వదిన చేతిలో చెంబు లాక్కున్న చప్పుడు.

ధడేల్!

భుజం ఊడొచ్చినంత తన్ను. పార కర్ర రెండు ముక్కలై ఎగిరి పడింది.

ఆయనకి వినపడలేదు, అరికాళ్ళకి తెలిసింది. చెంబు పట్టుకునే తిరిగాడు. పొగ చూశాడు, విరిగిన పార చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. తిట్టు సగంలో ఆగిపోయింది.

"అది... ఇప్పుడా పేలింది?"

అక్క తలూపింది. తుపాకీ వదలమన్నా వేళ్ళు వదల్లేదు. ఆయన ఒక్కో వేలూ మెల్లగా విప్పుకుంటా వచ్చాడు, చిక్కుపడ్డ దారం విప్పినట్టు. ఆఖరి వేలూ విప్పాక ఆవిడ ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుంది, అది ఎంతకీ వదల్లేదు. బల్ల మీద వదిన ఖాళీ చేతులతో కూలబడి ఏడుస్తోంది.

అప్పుడు జనంలోంచి బట్టతలాయన ఒకడు, అందాకా గొడుగు విప్పి దాని వెనక నక్కినవాడు, లేచి, గొడుగు మడిచి, దుమ్ము దులుపుకుంటా అన్నాడు:

"ఏడవకండమ్మా. నేను గొడుగు అడ్డం పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన ఏమైపోయుండేవాడో!"