శ్యామలమ్మ ఒప్పుకున్న మాట

కొత్త ఫోన్ ఈరోజు వచ్చేస్తుందని మా ఆయన తాతారావు నాలుగు రోజులుగా చెబుతున్నారు. ఆర్డర్ పెట్టిందీ ఆయనే, అది ఎక్కడిదాకా వచ్చిందో గంటకోసారి చూసి నాకు వార్తలు చదువుతున్నదీ ఆయనే. మొన్న బయల్దేరిందన్నారు. నిన్న మన వీధి చివరిదాకా వచ్చి, ఇల్లు దొరక్క వెనక్కి వెళ్ళిందన్నారు. చిలకలగూడలో పెళ్ళిళ్ళ కామేశ్వరమ్మ ఇల్లేదంటే ఇస్త్రీ బండి సోమయ్యతో సహా ఎవరైనా చెబుతారు. ఆ తెచ్చేవాడికి అడగడానికి నోరు లేదు కాబోలు. నాకు మాత్రం ఓపిక చచ్చిపోయింది.

ఇరవై ఏడేళ్ళుగా సంబంధాలు కుదురుస్తున్నాను. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో మా వైపు వాళ్ళకే చూసేదాన్ని, తరవాత ఇక్కడి వాళ్ళూ రావడం మొదలుపెట్టారు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు అని ప్రతివాళ్ళూ నాతో నవ్వుతూ అంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు ఈ పని చేసి ఉండరు. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. అవతలివాళ్ళు ఏమన్నారో ఇవతల అదే చెబుతాను. చిక్కల్లా, అన్నవాళ్ళే నాలుగు రోజులు పోయాక మేమలా అనలేదే అని మొహం మీద అంటారు. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది.

అందుకే ఆరేళ్ళ కిందట నా పాత ఫోన్‌లో ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యేలా పెట్టించుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ ఏదీ వినిపించనూ లేదు. నిజం చెప్పాలంటే నేనూ ఎప్పుడూ వినలేదు. ఉందంటే ఒక ధైర్యం, అంతే. ఆ ఫోన్ పోయిన ఆదివారం మెట్ల మీద చేజారి పడింది. తెర నల్లగా అయిపోయింది.

మోండా మార్కెట్ వెనక సందులో కాలేబు అని ఫోన్లు బాగుచేసే అతను ఉన్నాడు. వాళ్ళ చెల్లెలు క్యారల్ పెళ్ళికి నేను సంబంధం చూడలేదు గానీ, పిలిస్తే వెళ్ళి అక్షింతలకు బదులు పూలు చల్లి వచ్చాను. ఆ పరిచయం. పాత ఫోన్ చూసి ఇంక దీనిమీద డబ్బు పెట్టొద్దన్నాడు. కొత్తదానిలో కూడా రికార్డు పెట్టాలని చెబితే తల అడ్డంగా ఊపాడు.

"గిప్పుడొచ్చే ఫోన్లు గట్ల ఊకోవమ్మా. రికార్డ్ షురూ కాంగనే లోపల్నుంచి ఒకామె చెప్తది, ఈ కాల్ రికార్డ్ అయితున్నదని. మీకూ వినవడ్తది, అవుతలోళ్ళకూ వినవడ్తది."

"అదెందుకు చెప్పడం? దాన్నెవరడిగారు?"

"కంపెనీ అట్ల చేసింది. నేనేం జేస్త?"

"నోరు మూయించలేవా?"

"రూట్ చేస్తే అయితది," అన్నాడు. "రూట్ అంటే కంపెనీ లోపల ఏసిన తాళం తీసేసుడు. ఫోన్‌కు మీరే మాలిక్ అయితరు. కానీ వారంటీ పోతది. బ్యాంకు యాప్‌లు సుత మొరాయించొచ్చు, తాళం లేని ఇంట్ల పైసలు పెట్టం అంటయ్. ఇంకో మాట, చేస్తే ఫోన్ రాంగనే చేయాలె. తాళం తీసేటప్పుడు అండ్ల ఉన్నదంతా పోతది."

అప్పట్నుంచి నాకు ఇదే పీకులాట. రూట్ చేయిస్తే కరెంటు బిల్లుకు కూడా మా ఆయన్ని బతిమాలుకోవాలి. చేయించకపోతే, రికార్డు అవుతోందని వినగానే ఏ తల్లి నోరు విప్పి నాతో మాట్లాడుతుంది? మా ఆయన వద్దన్నారు. ఆయన వద్దన్నాక చేయించాలనే అనిపించింది.

అలా ఉండగా గురువారం పొద్దున, నేను వాడుతున్న బటన్ల ఫోన్‌కి ఊర్మిళ చేసింది. ఊర్మిళ కూతురు లాస్య రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలింజనులో డ్రైవరు పక్క సీటు. ముప్ఫై ఏళ్ళు. రాత్రనక పగలనక డ్యూటీ. ఆ ఉద్యోగం మానమన్నారని ఏడు సంబంధాలు పోయాయి. పిల్ల ఒక్కటే అడిగింది నన్ను: "ఆంటీ, ఉద్యోగం మాట ముందే సాఫ్‌గా అడుగుర్రి. వాళ్ళు సరే అంటేనే అబ్బాయి ఫొటో నాకు చూపియ్యిర్రి." అలాగే అడిగి, బోయిన్‌పల్లిలో కూరగాయల హోల్‌సేల్ వ్యాపారం చేసే శ్యామలమ్మగారి ఇంట్లో కుదిర్చాను. అబ్బాయి విజయేందర్. ఇద్దరూ నెల రోజులుగా రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఆదివారం నిశ్చితార్థం.

"అక్కా, జెర పరేషాన్‌గున్నది," అంది ఊర్మిళ. "మా మరదలు నిన్న బోయిన్‌పల్లి పోయింది. పెండ్లయినంక కోడలు ఆ రైలు కొలువు మానేస్తదని శ్యామలమ్మ చుట్టాలందరికీ చెప్తున్నదట. నువ్వు ఒప్పుకున్నరంటివి కదా."

నా ఒళ్ళు మండిపోయింది. వెంటనే శ్యామలమ్మకి చేశాను. ఆవిడ తాపీగా, "నేను గట్ల ఒప్పుకోలే కామేశ్వరమ్మా. ఎప్పుడన్నా చెప్పుర్రి," అంది. చూశారా, మళ్ళీ అదే పాట. నేను ఊర్మిళకి తిరిగి చేసి, ఇన్నేళ్ళూ దాచుకున్న మాట బయటపెట్టేశాను. "ఆవిడ అన్నది నా దగ్గర రికార్డుంది. కొత్త ఫోన్ రానియ్యి, లాస్యని పంపు, చెవులారా వింటుంది. అదే ఫోన్‌లోంచి శ్యామలమ్మకీ వినిపిస్తాను. ఎలా తప్పించుకుంటుందో చూద్దాం." ఆ రోజంతా నాకు ఒకటే కసి. రూట్ చేయించడం ఖాయం అనుకున్నాను. ఇలాంటి మనుషుల మధ్య బతకాలంటే అంతకంటే దారేముంది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పెట్టె కూడా విప్పకుండా, పాత ఫోన్ కూడా సంచీలో వేసుకుని ఆటో ఎక్కాను. కాలేబు పాతదాన్ని తిరగేసి చూసి, రికార్డింగులన్నీ ఇందులో ఉన్న మెమరీ కార్డులోనే ఉన్నాయన్నాడు. గోరంత కార్డు తీసి తన కంప్యూటర్‌కి పెట్టాడు. వేలల్లో ఉన్నాయి. శ్యామలమ్మ నంబరు చెబితే వెతికి, "జులై పన్నెండు, నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. గిదేనా?" అన్నాడు.

అదేనన్నాను. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"వదినగారూ, ఉద్యోగం సంగతి ముందే చెప్పేస్తున్నానండీ," అని నా గొంతు మొదలైంది. "అమ్మాయిది రైలు నడిపే ఉద్యోగం. సర్కారుది. ఈ రోజుల్లో అలాంటిది ఎవరైనా మానుకుంటారా చెప్పండి?"

"గదే కామేశ్వరమ్మా, నేనేమంటున్ననంటే..."

"మీరేమంటారో నాకు తెలీదా వదినగారూ. మీ ఇంట్లో ఆడవాళ్ళు తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్ళి వ్యాపారం చూసుకున్నవాళ్ళు. కష్టపడే పిల్ల విలువ మీకు ఒకరు చెప్పాలా?"

"అది నిజమే, కానీ మా ఇంట్ల..."

"అబ్బాయి కూడా చదువుకున్నవాడు. ఇద్దరూ సంపాదించుకుంటే ఎంత బాగుంటుంది. మానిపించే ఉద్దేశం మీకు లేదని నాకు మొదటి రోజే అర్థమైపోయిందండీ, అందుకే ఈ సంబంధం మీ దగ్గరికి తెచ్చాను."

"ఒక్క నిమిషం నా మాట..."

"వింటున్నానండీ. ఫొటో పంపించేస్తున్నాను. ఆ పిల్లని చూస్తే మీరే వదలరు."

ఇలాగే నాలుగు నిమిషాలు. చివర్లో శ్యామలమ్మ నీరసంగా, "సరే, పొయ్యి మీద పాలున్నయ్, పెడ్తున్న," అంది. అయిపోయింది.

ఆపమని చెప్పేలోగా దాని తరవాతి రికార్డు మొదలైంది. రెండు నిమిషాల తరవాత నేను ఊర్మిళకి చేసిన కాల్. అందులో నా గొంతు ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. "ఊర్మిళా, ఒప్పేసుకున్నారే. ఉద్యోగం మానక్కర్లేదని ఆవిడే తన నోటితో చెప్పింది."

కాలేబు ఆపేసి, పక్కనున్న చార్జర్లు సర్దడం మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నేను అబద్ధం ఆడాలనుకోలేదు. ఆవిడ అందనే అనుకున్నాను. నిన్న కూడా ఒట్టేసి చెప్పేదాన్ని. మిగతా రికార్డులన్నీ తెర మీద కిందికి కిందికి వరసగా ఉన్నాయి. వాటిల్లో ఇంకెన్ని ఇళ్ళలో ఇంకెవరి మాటలు నేనే అనేశానో.

చార్జర్లు సర్దడం అయ్యాక కాలేబు నెమ్మదిగా అడిగాడు. "మరి రూట్ చేయమంటరా అమ్మా? చేస్తే ఇప్పుడే చేయాలె."

"వద్దు నాయనా," అన్నాను. "ఎవరో మాట తప్పుతున్నారని ఇన్నాళ్ళూ దొంగచాటుగా పట్టుకుంటే, దొరికింది నేను. అదేదో చెబుతుందన్నావుగా, చెప్పనీ."

కార్డు కొత్త ఫోన్‌లో వేసి ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు మంచి ఆలోచనలేమీ రాలేదు. కార్డు పాడైపోయిందంటే ఎవరు కాదంటారు? కాలేబు నోరు విప్పే మనిషి కాదు. ఎల్లుండి నిశ్చితార్థం అయిపోతుంది. పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాం వాళ్ళే ఏదో సర్దుకుంటారు. సంగీత్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగినంతసేపూ ఆ అబద్ధాన్ని ఎలా మొదలుపెట్టాలా అని వెతుకుతూనే ఉన్నాను. ఎంత అలసిపోయానో ఎప్పుడు తెలిసిందంటే, ఆ అబద్ధం కూడా నోటికి రానప్పుడు.

లాస్య అయిదు గంటలకి వచ్చింది. కాజీపేట నుంచి బండి తెచ్చి, డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చినట్టుంది, భుజాన డ్యూటీ సంచీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఆయన మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయారు. "వినిపియ్యిర్రి ఆంటీ," అంది. ఆశగా అంది. ఫోన్ ఆమె ముందు పెట్టి వినిపించాను.

మొదటిసారి విని, మళ్ళీ పెట్టమంది. రెండోసారి కూడా అయ్యాక ఫోన్ వైపే చూస్తూ అడిగింది. "ఆమె ఎక్కడ ఒప్పుకున్నది ఆంటీ?"

"ఒప్పుకోలేదమ్మా. నేను అడగనే లేదు. తప్పు నాదే."

"అయితే ఇప్పుడు అడుగుర్రి."

శ్యామలమ్మకి కలిపి స్పీకర్లో పెట్టాను. రికార్డు నొక్కాను. ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో, ఈ కాల్ రికార్డవుతోందని గట్టిగా చెప్పింది.

"ఏందది?" అంది శ్యామలమ్మ.

"మన మాటలు రికార్డవుతున్నాయి వదినగారూ. పక్కన లాస్య కూడా ఉంది, వింటోంది. పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం చేసుకోవడానికి మీరు ఒప్పుకుంటారా?"

అడిగి ఊరుకున్నాను. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు మధ్యలో ఒక మాట అందివ్వాలని నాలుక పీకేసింది. అందివ్వలేదు.

"సాఫ్ అడిగిన్రు, సాఫే చెప్తున్న," అంది శ్యామలమ్మ. గొంతులో కోపం లేదు. "పిల్ల బంగారం. కానీ కోడలు రాత్రంతా రైలు మీద, కొడుకు ఇంట్ల, మా దగ్గర నడువది. ఆ దినం గిదే చెప్దామని మూడుసార్లు నోరు తెరిచిన. మీరు చెప్పనియ్యలే. మీ అసుంటి పెద్దమనిషి గంత గట్టిగ చెప్తుంటే ఎదురు చెప్పలేక ఊకున్న, పెండ్లయినంక మేం చెప్తే పిల్లనే మానుతది తియ్యి అనుకున్న."

"అబ్బాయి ఏమంటాడు?"

"వాడేమంటడు, పెద్దలు మాట్లాడుకున్నరని ఊకున్నడు. వాడు నా మాట జవదాటడు."

ఫోన్ పెట్టేశాను. లాస్య సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను ఆగలేకపోయాను. "నువ్వు విజయేందర్‌ని అడుగమ్మా. నువ్వంటే ఇష్టపడుతున్నాడుగా. నువ్వు అడిగితే..."

"ఏమడగాలె ఆంటీ?" అంది. "నెల కింద అడిగితే మామూలు ముచ్చట. ఇష్టమంటే ఇష్టం, లేదంటే లేదు, ఇద్దరం ఫోన్ పెట్టేస్తుంటిమి. ఇప్పుడు అడిగితే, మీ అమ్మను వదిలి నాతోని రమ్మన్నట్టు. గంత మాట ఆయనను నేనెట్ల అడుగుత?" "ఒప్పుకున్నరని మీరు చెప్పినంకనే ఆయనతోని మాట్లాడుడు షురూ చేసిన. లేకుంటే మాట్లాడకపోతుంటి. మంచోడు ఆంటీ. నాకు మస్తు నచ్చిండు."

అంతవరకూ బిగబట్టుకున్న పిల్ల అప్పుడు మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. ఓదార్చడానికి నోటిదాకా మాటలు బోలెడన్ని వచ్చాయి. అలవాటైన మాటలే, ఎన్ని ఇళ్ళలోనో అన్నవే. ఒక్కటీ అనకుండా ఆమె పక్కన కూర్చున్నాను.