బెల్లు చేతికి అందేలా

ఆయా అని పిలిస్తే ఆమె ఊరుకునేది కాదు. "ఆయాను కాదండీ, నర్స్ ఎయిడ్‌ని. రిజిస్టర్‌లో నా పేరుంది," అని ఎంత పెద్దవాళ్ళతోనైనా సరే ముఖం మీదే అనేసేది. వృద్ధుల హోములో, రెండో అంతస్తులో, తొమ్మిదేళ్ళు పనిచేసింది. స్నానం నీళ్ళలో ముందు తన మణికట్టు ముంచి చూసుకుని, తర్వాత ఎదుటి మనిషి వేళ్ళు ముంచి, "గోరువెచ్చగా ఉన్నాయా?" అని అడగనిదే ఒక్క మగ్గు పోసేది కాదు. అలా అడిగీ అడిగీ చివరికి ఆమె పేరే గోరువెచ్చ అయిపోయింది. కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది. తర్వాత తర్వాత తనే ఫోనెత్తి "గోరువెచ్చని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

కొత్తగా చేరినవాళ్ళ పాలిట మాత్రం ఆమె సలసల కాగే నీళ్ళు. వాళ్ళు పక్క సర్ది, దుప్పటి కప్పి, హమ్మయ్య అనుకుంటూ గదిలోంచి బయటకు వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉండేది.

"బెల్లెక్కడ పెట్టావ్?"

"టేబుల్ మీదండీ."

"టేబుల్‌కి దాహమేస్తుందా? వెళ్ళు, వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టిరా."

మంచం మీద ఉన్నవాళ్ళకు కాళ్ళు ఆడవు, గొంతు పెగలదు, లోకంతో వాళ్ళకు మిగిలినదల్లా ఆ తెల్ల బటనొక్కటే, అది చేతికి అందకపోతే నువ్వు ఎంత చాకిరీ చేసినా గంగలో పోసినట్టే అని ఆమె వాదన. ఆ మాట చెప్పీ చెప్పీ కొత్తవాళ్ళ చెవులు చిల్లులు పడేవి. కానీ ఆమె చేతికింద పని నేర్చుకున్నవాళ్ళెవరూ బెల్లు సంగతి మర్చిపోయిన పాపాన పోలేదు.

అటువంటి గోరువెచ్చ, రెండు నెలల్లో రెండుసార్లు, పరీక్షలో బెల్లు దగ్గరే తప్పింది.

అసలు తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషికి మళ్ళీ పరీక్ష ఏమిటంటే, దానికో కథ ఉంది. రెండేళ్ళకోసారి రిజిస్టర్ ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. గత రెండేళ్ళలో నర్సు కనుసన్నల్లో, జీతానికి, కనీసం ఎనిమిది గంటలు పనిచేశారా అని అందులో అడుగుతారు. పనిలో ఉన్నవాళ్ళకు అదెంత? హెడ్ సిస్టర్ సంతకం పెడుతుంది, హోము ముద్ర వేస్తారు, కొత్త కార్డు వచ్చేస్తుంది. నాలుగుసార్లు అలాగే వచ్చింది. నాలుగో కార్డు వచ్చిన వారానికే ఆమె తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. అక్కకు బట్టల కొట్లో ఉద్యోగం, ఇంట్లో చదువుకునే పిల్లలు. గోరువెచ్చకు పెళ్ళీ పెటాకులూ లేవు. పైగా చేతిలో ఉన్న విద్య అదే. తల్లిని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు నామోషీ అనిపించింది. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది.

కూర్చుంది అనడం తప్పు. రెండేళ్ళ పైచిలుకు ఆమె కూర్చున్నదెప్పుడు? రెండు గంటలకోసారి పక్కకు ఒత్తిగిలించడం, తుడవడం, తినిపించడం, గుడ్డలు మార్చడం. తల్లి వీపు మీద ఒక్క పుండు కూడా పడనివ్వలేదు. మధ్యలో హెడ్ సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది కూడా.

"ఒక్క రోజు రా. ఒక్క షిఫ్టు చేసిపో. సంతకం నేను పెడతా."

"ఈ వారం కాదు సిస్టర్. అమ్మ నేను వీధి గుమ్మం దాటితే ఏడుస్తోంది. వచ్చే వారం చూస్తా."

ఆ వచ్చే వారం రాలేదు. కార్డు గడువు దాటింది. ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"రెండేళ్ళుగా ఎక్కడ పనిచేశారమ్మా?"

"ఇంట్లోనండి. మా అమ్మకి. రాత్రీ పగలూ."

"జీతం ఇచ్చిందా?"

అతను వెటకారానికి అడగలేదు. కాగితంలో ఆ గడి ఉంది, అందుకని అడిగాడు. జీతం లేదు, పైన నర్సు లేదు, కాబట్టి అది పని కిందికి రాదన్నాడు. పేరు తీసేశారు. మళ్ళీ ఎక్కాలంటే పరీక్ష రాయాలి, చేసి చూపించాలి. మూడు అవకాశాలు. మూడూ పోతే మొదటి రోజు నుంచి మళ్ళీ శిక్షణ, అదీ తరగతిలో చోటుంటే. అప్పటికి తల్లి బతికే ఉంది కాబట్టి గోరువెచ్చ అదేమంత పట్టించుకోలేదు. ఇంకో రెండు నెలలకు తల్లి పోయింది. అప్పుడు చూసుకుంటే ఆమెకు అమ్మా లేదు, పనీ లేదు, పేరూ లేదు.

రాత పరీక్ష చిటికెలో అయిపోయింది. చేసి చూపించేదే మిగిలింది. మొదటిసారి అన్నీ సరిగ్గా చేసి, బెల్లు పేషెంటు చేతిలో పెట్టకుండానే "అయిపోయిందండీ" అంది. రెండోసారి బెల్లు చేతిలోకి తీసుకుని, తిరిగి టేబుల్ మీదే పెట్టేసింది. ఆ మాట విని హెడ్ సిస్టర్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

"నువ్వా? బెల్లా? ఎవరికైనా చెబితే నమ్ముతారా?"

గోరువెచ్చ కూడా నవ్వింది. నవ్వు ఆగిన తర్వాత హెడ్ సిస్టర్ అసలు సంగతి చెప్పింది. రెండో అంతస్తులో చోటు ఈ నెలాఖరు దాకానే ఆపగలదట. పేరు రిజిస్టర్‌లో లేని మనిషి ఒక్క పేషెంటును కూడా ముట్టుకోకూడదు, అది తన చేతిలో లేదు అంది.

అందరూ అనుకున్నట్టు ఆమె మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

తల్లి పక్కన కూడా ఆమె బెల్లు పెట్టింది మరి. వీధి తలుపులకు పెట్టే రకం, తీగలు లేనిది. బటను తల్లి ఎడమ చేతిలో, మోగేది వంటింట్లో. తల్లి రోజుకు నలభైసార్లు నొక్కేది. పొయ్యి మీద ఉన్నది అలాగే వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చి "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదు. ఉన్నావా అని," అనేది. దిండు దాటి వినిపించని గొంతు. గోరువెచ్చ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేలోపే ఆ బెల్లు మళ్ళీ మోగేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమెకు కళ్ళు తెరుచుకోవడం లేదు. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. గోడ పట్టుకుని నడుస్తోంది. తల్లి వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా విప్పి బటను తీసుకుంది. బీరువా పైన పెట్టింది.

"ఒక్క గంట అమ్మా. ఒక్క గంట పడుకుంటా."

తల్లి బీరువా వంక చూసింది.

గోరువెచ్చ వంటింట్లో చాప మీద ఒరిగి, చచ్చినట్టు పడి నిద్రపోయింది. ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చింది. ఇల్లు మరీ ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటా అనుకుంటూ లేచి వెళ్ళింది. తల్లి దిండు మీది నుంచి కిందికి జారిపోయి ఉంది. మెడ ఒకపక్కకు వాలిపోయింది. ఎడమ చెయ్యి మంచం అంచు దాటి బీరువా వైపు చాచి ఉంది. ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగానే ఉంది.

అప్పుడు ఆమె చేసిన పని ఇంతవరకూ ఎవరికీ తెలియదు. డాక్టరును పిలవక ముందు, అక్కకు ఫోన్ చేయక ముందు, ఏడవక ముందే, బీరువా మీద నుంచి బటను తీసి తల్లి చేతిలో పెట్టింది. వేళ్ళు మూస్తే విచ్చుకున్నాయి. మళ్ళీ మూసి, పడకుండా పట్టుకుని కూర్చుంది. తొమ్మిదేళ్ళ అలవాటో, భయమో, ఆమెకే తెలియదు. పక్క సర్దినవాళ్ళు చివర చేసే పని అదే కదా, అదే చేసింది.

అక్క వచ్చి ఆ చెయ్యి చూసి భోరుమంది. "చూడవే, బెల్లు చేతిలోనే ఉంది. నొక్కాల్సిన అవసరం కూడా పడలేదు. నిద్రలోనే పోయింది మహాతల్లి," అంది. డాక్టరు అలాగే అన్నాడు. ఇరుగుపొరుగూ అలాగే అన్నారు. గోరువెచ్చ లాంటి కూతురు ఉంటే ఏ తల్లయినా అంత సుఖంగా పోతుందన్నారు. ఆ పొగడ్తలు మొదలవగానే ఆమె ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మూడో పరీక్షకు అక్క కొట్లో సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది. ఎందుకే అంటే వినలేదు. ఫ్లాస్కులో టీ, సంచిలో గొడుగు, మనసులో బోలెడు ధైర్యం పట్టుకొచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చుని, "నీకు చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది? అమ్మని చూసినట్టే చూడు, అంతే," అని వీపు తట్టి పంపింది.

గదిలో ఒక మంచం, ఒక తెర, చేతులు కడుక్కునే సింకు, గోడకు గడియారం. చీటీ తీస్తే పేషెంటును పక్కకు ఒత్తిగిలించడం వచ్చింది. ఇంతకంటే తేలికైనది ఉండదు. పేషెంటుగా పడుకున్నది తర్వాతి పరీక్ష రాయాల్సిన అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి. పరీక్ష పెట్టే సిస్టర్ ఆ పిల్లకు ముందే చెప్పింది, "ఒంట్లో సత్తువ లేనట్టు ఉండాలి. సాయం చెయ్యకూడదు" అని. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. కళ్ళు మూసుకుని ఒళ్ళంతా వదిలేసింది.

గోరువెచ్చ చేతులు కడుక్కుంది. తన పేరు చెప్పింది. తెర లాగింది, మంచం చక్రాలకు బిగింపు వేసింది. "ఇప్పుడు మిమ్మల్ని పక్కకు తిప్పుతానమ్మా," అని చెప్పి మరీ తిప్పింది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు, చేతికింద ఒక దిండు. దుప్పటిలో ఒక్క ముడత లేదు. పరీక్ష పెట్టే సిస్టర్ కలం చకచకా టిక్కులు పెడుతోంది. ఇంకా రెండే రెండు పనులు మిగిలాయి. బెల్లు, చేతులు కడుక్కోవడం.

ఈసారి ఆమె బెల్లు తీసుకుంది. టేబుల్ వంక చూడనైనా లేదు. పళ్ళ బిగువున ఆ తెల్ల బటనును అమ్మాయి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

వేళ్ళు విచ్చుకున్నాయి. సత్తువ లేనట్టు ఉండమన్నారు కదా పాపం. బటను పక్కమీదికి జారింది.

మళ్ళీ పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటీ మూసి, పైన తన చెయ్యి వేసి పట్టుకుంది. వదిలితే విచ్చుకుంటాయి. వదలలేకపోయింది. ఆ చెయ్యి గోరువెచ్చగా ఉంది.

"అయిపోయిందా అండీ?" అంది పరీక్ష పెట్టే సిస్టర్.

గోరువెచ్చ మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"నొక్కమ్మా," అంది. "ఒక్కసారి నొక్కు. వస్తాను. ఈసారి లేచి వస్తాను."

అమ్మాయి కళ్ళు తెరిచింది. ఆ ముఖం చూసి భయపడి, చేయకూడదని తెలిసినా బటను గట్టిగా పట్టుకుంది. "పట్టుకున్నానాంటీ. మీరు వెళ్ళి చేతులు కడుక్కోండి," అని గొణిగింది. గోరువెచ్చకు వినిపించింది. సింకు నాలుగడుగుల దూరంలో ఉంది. లేవాలి, వెనక్కి తిరగాలి, మంచాన్ని వదిలి నాలుగడుగులు వేయాలి. గడియారంలో ముల్లు కదులుతూ ఉంది. ఆమె ఆ చేతిని పట్టుకునే ఉంది.

"టైమైపోయిందండీ," అంది సిస్టర్ చివరికి. ఆమె కూడా మనిషే, గొంతు తగ్గించే చెప్పింది. "బెల్లు పెట్టారు. చేతులు కడుక్కోలేదు. అది తప్పనిసరి. నేను చెయ్యగలిగిందేమీ లేదు."

వరండాలో అక్క లేచి నిలబడింది. చెల్లెలి ముఖం చూడగానే అర్థమైపోయింది. సంచి తన భుజానికి తగిలించుకుని, ఫ్లాస్కు మూతలో టీ పోసి చేతికిచ్చింది.

"పోతే పోయిందిలే. ఈ పరీక్షలు పెట్టేవాళ్ళకేం తెలుసు? అమ్మనడిగితే చెప్పేది నువ్వేంటో. పోయేటప్పుడు కూడా ఆవిడ చేతిలో బెల్లుంది."

గోరువెచ్చ టీ తాగలేదు. మూత అలాగే పట్టుకుని నిలబడింది. ఇక రెండో అంతస్తు లేదు. ఇక ఆమె దాచుకోవాల్సిన మంచిపేరంటూ ఏదీ లేదు.

"ఆ బెల్లు నేను పెట్టానక్కా," అంది. "పోయిన తర్వాత."

"ఏంటే?"

"పడుకోనివ్వడం లేదని బీరువా మీద పెట్టా. నేను లేచేసరికి అటే చెయ్యి చాచి ఉంది. నువ్వు వచ్చేలోపు తీసి చేతిలో పెట్టాను."

వరండా చివర ఎవరో ఎవరి పేరో పిలిచారు.  అక్క భుజానికున్న సంచి తీసి బెంచీ మీద పెట్టింది. చెల్లెలి చేతిలోంచి మూత తీసుకుని, ఆ టీ నేలమీద పారబోసి, ఫ్లాస్కుకు బిగించింది. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గోరువెచ్చ బెంచీ మీద సంచి పక్కన కూర్చుంది. లోపలి నుంచి ఆ అమ్మాయి పరీక్ష మొదలైనట్టు తెర లాగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి తలుపు సందులోంచి ఆ పిల్ల గొంతు స్పష్టంగా వచ్చింది.

"బెల్లు మీ చేతిలో పెట్టానండీ. ఏం కావాలన్నా నొక్కండి, వెంటనే వస్తాను."